ముగింపు పట్టు

లక్షలమంది ప్రజలు ఇష్టపడి చూసేది ఏదయినా సరే, విమర్శకుడి దృష్టికి రావలసిందే. చూసేవాళ్ళ అభిరుచి హీనమయిందని తీర్పు చెప్పి తప్పుకోవడం తేలిక. ఆ పనికి విమర్శకుడు అక్కర్లేదు, ఇంట్లో ఒక పెద్దమనిషి చాలు. అమెరికన్ల వృత్తి కుస్తీ మీద మనవాళ్ళు చేసిన విమర్శ చాలామటుకు ఈ తరగతికి చెందినదే. "అదంతా దొంగ కుస్తీ, గెలిచేవాడెవడో ముందే రాసి పెట్టుకుంటారు" అంటారు. నిజమే. దుర్యోధనుడి తొడ విరుగుతుందని కూడా ముందే రాసి పెట్టుకున్నారు. అంతమాత్రాన భారతాన్ని ఎవరూ దొంగయుద్ధం అనలేదు. మనం అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎవరి తొడ విరగాలని రాశారు? ఎవరికోసం రాశారు? విరిగినట్టు నటించే తొడకు కూలి ఎంత ముడుతున్నది?

తొంభైలలో కేబుల్ టీవీ మన చిన్న పట్నాలకు వచ్చినప్పటినుంచీ నేనీ తతంగాన్ని చూస్తున్నాను. ఆ రోజుల్లో మల్లుల బొమ్మలున్న చీట్లతో పిల్లలు ఆడేవారు. ఒక్కొక్కడి పొడుగూ, బరువూ, ఛాతీ కొలతా చీటీ మీద అచ్చయి ఉండేవి. కాని ఏ మల్లుడు ప్రత్యర్థిని దేనితో ముగిస్తాడన్నది మాత్రం చీటీ చూడకుండానే పిల్లలందరికీ నోటికి వచ్చు. వృత్తి కుస్తీకి ప్రాణం ఈ 'ముగింపు పట్టు'లోనే ఉంది. పావుగంటసేపు ఎన్ని దెబ్బలు పడినా లేచి వచ్చే మనిషి ఈ ఒక్క పట్టు పడితే లేవడు, లేవకూడదు. ప్రతి మల్లుడికీ తనదంటూ ఒకటి ఉంటుంది. ప్రేక్షకుడు దానికోసం ఎదురుచూస్తాడు. అది రాగానే లేచి నిలబడతాడు. ఒకరి పట్టును ఇంకొకరి పట్టుతో పోల్చి చూస్తే, వాటిని కన్న సమాజాలు కనిపిస్తాయని నా నమ్మకం.

మొదట్లో ఈ పట్లు నిజమైన కుస్తీలోనుంచే వచ్చాయి. మన అఖాడాల్లో 'ధోబీపాట్' అనే పట్టు ఉంది. ప్రత్యర్థి చేతిని భుజం మీదుగా లాగి, మనిషిని మూటలా ఎత్తి నేలకు కొట్టడం. చాకలి బండ మీద బట్ట ఉతికే తీరులోనుంచి దానికా పేరు వచ్చింది. అంటే పని తెలిసిన జనం తమ పనిలోనుంచే పట్టుకు పేరు పెట్టుకున్నారు. ఆ పట్టు ఏ ఒక్కడిదీ కాదు. ఏ తాలింఖానాలో సాధన చేసినవాడయినా దాన్ని వేయవచ్చు.

అమెరికాలో ఫ్రాంక్ గాచ్ అనే మల్లుడికి కాలి మడమను మెలిపెట్టే పట్టు పేరు తెచ్చింది. 1908లో షికాగోలో అతను జార్జ్ హాకెన్‌ష్మిట్‌ను ఓడించడానికి సుమారు రెండు గంటలు పట్టింది. 1910లో లండన్‌లో మన గామా, పోలండు మల్లుడు జ్బిష్కో తలపడ్డప్పుడు జ్బిష్కో రెండు గంటలకు పైగా చాపకు కరుచుకుని పడుకున్నాడు, ఆట తేలలేదు. పద్దెనిమిదేళ్ళ తరవాత, 1928లో, పాటియాలాలో గామా అతన్ని నిమిషం లోపల పడగొట్టాడు. నిజమైన కుస్తీ స్వభావమే అది. ఒకరోజు రెండు గంటలు, ఒకరోజు అర నిమిషం. సరుకును కొలత ప్రకారం అమ్మవలసిన వ్యాపారికి ఇది బొత్తిగా పనికిరాదు.

అంచేత 1920లలో ఎడ్ లూయిస్ అనే మల్లుడు, బిల్లీ శాండో, టూట్స్ మాండ్ట్ అనే ఇద్దరు భాగస్వాములతో కలిసి కుస్తీని నాటకశాల పద్ధతిలోకి మార్చాడు. ఆటకు కాలపరిమితి వచ్చింది, వేగం వచ్చింది, ఊరూరా తిరిగే బృందం వచ్చింది. లూయిస్ ముగింపు పట్టు తలను మోచేతి మధ్య బిగించడం. స్ప్రింగులు పెట్టిన కొయ్యతలను నొక్కుతూ అతను సాధన చేసేవాడు. ఆ కొయ్యతలతో ఫోటోలు కూడా తీయించుకున్నాడు. ఇక్కడ పట్టు రెండు పనులు చేస్తున్నది: మనిషిని పడగొట్టడం ఒకటి, ఫోటోలో పడి టిక్కెట్లు అమ్మడం రెండు. కాలక్రమాన రెండో పని మొదటిదాన్ని మింగేసింది. పట్టు సరుకుగా మారడానికి ఇదే నాంది.

ఇప్పుడు ఒకే పట్టు రెండు దేశాల్లో ఎట్లా బతికిందో చూద్దాం. ప్రత్యర్థిని బోర్లా పడుకోబెట్టి, వీపు మీద కూర్చుని, చుబుకం కింద రెండు చేతులూ పెట్టి తలను వెనక్కు విరిచే పట్టు ఒకటుంది. మెక్సికోలో గోరీ గెరెరో దీన్ని కల్పించాడు. అక్కడ దాని పేరుకు అర్థం గుర్రపు స్వారీ. దాన్ని దేశమంతటా ప్రఖ్యాతం చేసినవాడు ఎల్ సాంటో, అంటే 'సాధువు'. వెండి ముసుగు వేసుకుని 1942లో ఆ పేరుతో గోదాలోకి దిగిన ఈ మనిషి పేదల వీరుడయ్యాడు. సినిమాల్లో రాక్షసులతోనూ, పిచ్చి శాస్త్రజ్ఞులతోనూ పోరాడాడు. 1984లో చనిపోతే ముసుగుతోనే సమాధి చేశారు.

అదే పట్టు ఉత్తర దిక్కుకు సరిహద్దు దాటి అమెరికాలోకి వెళ్ళేసరికి గుర్రం కాస్తా ఒంటె అయింది. దాన్ని 'ఒంటెపట్టు' అన్నారు. మిషిగన్‌లో పుట్టిన ఒక లెబనీస్ వలసదారుల బిడ్డకు 'షేక్' అని పేరు పెట్టి ఆ పట్టు అప్పగించారు. తరవాత ఖొస్రో వజీరీ వచ్చాడు. ఇరాన్‌లో అసలైన కుస్తీ నేర్చినవాడు, షా కుటుంబానికి అంగరక్షకుడుగా ఉన్నవాడు, అమెరికన్ జట్టుకు సహాయ శిక్షకుడుగా పనిచేసినవాడు. అతన్ని 'ఐరన్ షేక్' చేశారు. 1979లో టెహరాన్‌లో అమెరికన్ దౌత్యోద్యోగులు బందీలయిన తరవాత ఇరాన్ పేరెత్తితే చాలు, హాలంతా ఊళలు వేసింది. 1983 డిసెంబరులో అతను ఒంటెపట్టుతో బాబ్ బాక్లండ్ దగ్గర బిరుదు తీసుకున్నాడు. నెల తిరగకుండానే, 1984 జనవరి 23న, న్యూయార్క్‌లో హల్క్ హోగన్ అదే పట్టును వీపుమీద మోస్తూ పైకి లేచి, షేక్‌ను మూలస్తంభానికి కొట్టి, మెడ మీద కాలు పడేసి గెలిచాడు. హాలు దద్దరిల్లిపోయింది. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చేసరికి వజీరీకే ఇరాకీ సైనికాధికారి దుస్తులు తొడిగి, ముస్తఫా అనే పేరు పెట్టి మళ్ళీ గోదాలోకి దించారు. 1980 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ ఒకదాన్నొకటి చంపుకున్న సంగతి కంపెనీకి అడ్డురాలేదు. శత్రువుకు గడ్డం, తలపాగా ఉంటే చాలు, దేశం ఏదయినా ఒకటే.

మెడ అదే, చేతులు అవే, నొప్పి అదే. మెక్సికోలో అది ధర్మం. అమెరికాలో అది దురాక్రమణ. రూపం మీద మాత్రమే వ్యాసాలు రాసే మన విమర్శకులు ఈ ఒంటె, గుర్రాల కథను ఒకసారి ఆలోచించాలి. రూపానికి అర్థం రూపంలో లేదు. అది ఎవరి చేతిలో ఉన్నదనే దాంట్లో ఉంది.

యుద్ధానంతర కాలం ఇట్లాంటి ఉదాహరణలకు గని. టెక్సస్‌లో పుట్టిన జాక్ ఆడ్కిసన్ నాజీ జర్మన్ వేషం వేసుకుని, ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అనే పేరుతో, ప్రత్యర్థి నుదుటిని అయిదు వేళ్ళతో పిండే 'ఇనప పంజా'తో బతికాడు. పసిఫిక్ సముద్రానికి అవతల, ఓడిపోయిన జపాన్‌లో, 1954లో రికిదోజాన్ అనే మల్లుడు అమెరికన్లను అరచేతి అంచుతో నరికేవాడు. టీవీలు కొనలేని జనం వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలకు వేలు చేరి, ఆ చేతివేటు పడినప్పుడల్లా జయజయధ్వానాలు చేశారు. హిరోషిమా జరిగి తొమ్మిదేళ్ళయింది. అమెరికన్ సైన్యం ఆక్రమణ ముగిసి రెండేళ్ళయింది. ఆ చేతివేటులో అంత బరువుంది. అయితే జపాన్ గౌరవాన్ని నిలబెట్టిన ఆ చెయ్యి కొరియన్ చెయ్యి. రికిదోజాన్ కొరియాలో పుట్టినవాడు. జపాన్ పాలించి అణగదొక్కిన జాతివాడు. ఆ సంగతి దాచిపెట్టారు. దేశభక్తి సరుకయినప్పుడు దాన్ని తయారుచేసినవాడి పుట్టుక చీటీ మీద అచ్చు కాదు.

మన కోడి రామమూర్తినాయుడు గురించి ఈ సందర్భంలో చెప్పాలి. వీరఘట్టంలో పుట్టి, సర్కస్ పెట్టి, కలియుగ భీముడనిపించుకుని 1942లో కన్నుమూసిన ఆ బలశాలి ప్రదర్శనకు శత్రువు అవసరం లేకపోయింది. ఉక్కు గొలుసులు తెంచేవాడు, కదిలే మోటారును ఆపేవాడు, చివరికి ఛాతీమీద ఏనుగును ఎక్కించుకునేవాడు. ఆయన ముగింపు ఆ ఏనుగే. పరాయి జాతివాణ్ణి ఎవర్నీ పడగొట్టకుండానే పరాయి పాలనలో ఉన్న ప్రజలకు ఆయన ధైర్యం ఇవ్వగలిగాడు. బలానికి ప్రదర్శన కావాలంటే ద్వేషం తప్పనిసరి అనేవాళ్ళకు ఇది సమాధానం.

జాతుల సంగతి ఇట్లా ఉండగా వర్గాల సంగతి కూడా గోదాలో కనిపిస్తుంది. 1985లో డస్టీ రోడ్స్, రిక్ ఫ్లెయిర్ అనే ఇద్దరి మధ్య పోరాటం అమెరికా దక్షిణాది రాష్ట్రాలను ఊపేసింది. ఫ్లెయిర్ జరీ అంగరఖాలు వేసుకుని, విమానాల గురించీ, ఖరీదైన గడియారాల గురించీ గొప్పలు చెప్పుకునేవాడు. అతని ముగింపు పట్టు ప్రత్యర్థి కాళ్ళను తన కాళ్ళతో నాలుగు అంకె ఆకారంలో పెనవేయడం. నిలబడి పనిచేసుకునేవాడికి కాళ్ళే ఆధారం; ధనవంతుడు ఆ కాళ్ళనే పట్టుకుంటాడు! డస్టీ పొట్ట పెరిగిన మనిషి, కుళాయిలు బాగుచేసేవాడి కొడుకు. అతని ముగింపు పట్టు మోచేతి దెబ్బ. దాంట్లో నైపుణ్యం ఏమీ లేదు, పని చేసి చేసి గట్టిపడిన ఎముక తప్ప. ఆ అక్టోబరులో టీవీలో మాట్లాడుతూ అతను మూతపడిన బట్టల మిల్లుల కార్మికుల గురించీ, మోటారు కార్మికుల గురించీ, ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగం కంప్యూటరుకు పోగొట్టుకున్నవాడి గురించీ చెప్పాడు. రీగన్ పాలనలో చట్టసభల వక్తలు చెప్పడానికి జంకిన మాటలు అవి.

నాలుగు అంకె పట్టులో ఒక విశేషం ఉంది. కింద పడ్డవాడు ఓర్చుకుని బోర్లా తిరగగలిగితే, నొప్పి పట్టు వేసినవాడి కాళ్ళకే మళ్ళుతుందని గోదా నీతి. గతితర్కం చెప్పడానికి మేష్టర్లు ఇంతకంటె మంచి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. కాని గోదాలో తిరగబడే ఆ క్షణం కూడా టిక్కెట్టు ధరలో కలిసే ఉంటుంది. ఇక్కడే మన అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కును బాగా చూపించినవాడు స్టీవ్ ఆస్టిన్. గుండు, నల్ల చెడ్డీ, చేతిలో బీరు డబ్బాలు. ఒక అలసిన కార్మికుడి ఆకారం. ప్రత్యర్థి గడ్డాన్ని తన భుజంమీద పెట్టుకుని, ధడాలున కింద కూర్చుని దవడ అదరగొట్టడం అతని పట్టు. దాన్ని అతను 1997 సెప్టెంబరులో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మహన్ మీద ప్రయోగించాడు. 1998 పొడుగునా ప్రతి వారం యజమానీ, పనివాడూ కొట్లాడారు. తన యజమానిని ఏమీ అనలేని లక్షలమంది ఇంట్లో కూర్చుని ఆనందించారు. చూసి నేనూ సంతోషించాను. అది సహజమైన సంతోషం, దానికి నేను సిగ్గుపడను. అయితే 1999 అక్టోబరులో ఆ కంపెనీ వాటాలు మార్కెట్టులోకి వచ్చాయి. యజమాని తనమీద జనానికున్న కసిని సీసాలో పట్టి, ముద్ర వేసి, వారం వారం అమ్మాడు. తనను కొట్టించుకున్న ప్రతి దెబ్బకూ డబ్బు వసూలు చేసుకున్నాడు. భూస్వామి కొరడాతో కొట్టి సంపాదించాడు; ఈ పెట్టుబడిదారు కొట్టించుకుని సంపాదించాడు. చరిత్రలో ఇది కొత్త మెట్టు.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వచ్చిన తన పుస్తకంలో వృత్తి కుస్తీ క్రీడ కాదనీ, న్యాయాన్నీ బాధనూ కంటికి కట్టించే ప్రదర్శన అనీ నిరూపించాడు. దానికి విలువ ఉంది. కాని ఆయన కూర్చున్నది ప్రేక్షకుల బల్లమీద. అక్కడినుంచి సంకేతం కనిపిస్తుంది, కూలి కనిపించదు. గోదాలోపల మనుషులు మాట్లాడుకునే భాష విన్నామంటే వేరే సంగతి తెలుస్తుంది. అక్కడ ప్రదర్శన పేరు 'వర్క్'. మల్లుడి పేరు 'వర్కర్'. నిర్ణయం ప్రకారం ఓడిపోవడాన్ని 'జాబ్' చేయడం అంటారు. ఎప్పుడూ ఓడిపోవడానికే తెచ్చుకున్నవాడు 'జాబర్'. ఈ మాటలు మార్క్సిస్టులు పెట్టినవి కావు.

ఆ పనివాడి దృష్టితో చూస్తే ముగింపు పట్టు దాడి కాదు, సహకారం. ప్రత్యర్థిని తలకిందులుగా పట్టుకుని నేలకు దించే పట్టు ఉంది. వేసేవాడు తన తొడల మధ్య అతని తలను పైకి జరిపి కాపాడాలి. అంగుళం తప్పితే మెడ పోతుంది. 1997 ఆగస్టులో అట్లాంటి పట్టులోనే ఆస్టిన్ మెడ దెబ్బతిన్నది. ఆ దెబ్బతోనే అతను యజమానిని కొట్టే కథంతా నడిపి, 2003లో విరమించాడు. 2009 జూన్ 13న హిరోషిమాలో మిత్సుహారు మిసావా అనే మహామల్లుడు, వెనక్కు ఎత్తి పడవేసే పట్టులో వెన్నుపూస దెబ్బతిని, నలభై ఆరేళ్ళకే ప్రాణం విడిచాడు. తనకంటె ముందు తరం ఒక విసురుతో ముగించిన ఆటను తన తరం అయిదారు విసుర్లతో కూడా ముగించలేకపోయింది. జనం అలవాటు పడ్డకొద్దీ ఇంకా ఎత్తునుంచి, ఇంకా తలమీదికి పడవలసి వచ్చింది. హోగన్ ఏళ్ళ తరబడి రాత్రికి రాత్రి పిరుదుల మీద పడ్డాడు కదా, అతని వెన్నుకు ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. 2025 జులైలో అతను చనిపోయాడు. పట్టు తిన్నవాడినే కాదు, వేసినవాడినీ ముగించింది.

ఇంత ప్రమాదం ఉన్న వృత్తిలో కార్మిక సంఘం లేదు. 1986లో జెస్సీ వెంచురా అనే మల్లుడు సంఘం పెడదామని తోటివాళ్ళతో అన్నాడు. ఆ సంగతి యజమానికి చేరవేసినవాడు హోగనే అని తరవాత జరిగిన ఒక దావాలో బయటపడింది. దేశంకోసం షేక్‌ను పడగొట్టిన వీరుడు కార్మికులకోసం నోరు మూసుకోలేకపోయాడు. ఆ తరవాత ఆ కంపెనీలో సంఘం తలెత్తలేదు. మల్లులు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు అన్నది కంపెనీ వాదం. 1989లో ఇదే కంపెనీ న్యూజెర్సీ శాసనసభ ముందు, తమది పోటీ కాదనీ వినోద ప్రదర్శన అనీ ఒప్పుకున్నది. క్రీడాసంఘం అజమాయిషీ, పన్నూ తప్పించుకోవడానికి! ప్రేక్షకుడి దగ్గర దాచిన రహస్యాన్ని పన్ను దగ్గర దాచలేదన్నమాట. 2016లో యాభైమందికి పైగా మల్లులు తలకు తగిలిన దెబ్బల గురించి దావా వేస్తే 2018లో కోర్టు కొట్టివేసింది.

పట్టుకు పేరు కూడా మల్లుడిది కాదు. బ్రాక్ లెస్నర్ కంపెనీ మారి జపాన్ వెళ్ళినప్పుడు అదే విసురుకు 'ఎఫ్-5' పోయి 'వెర్డిక్ట్' అయింది. డస్టీ రోడ్స్ కొడుకు కోడీ 2016లో కంపెనీ విడిచినప్పుడు, తండ్రి చెమటోడ్చి సంపాదించిన 'రోడ్స్' అనే పేరును నాలుగేళ్ళపాటు గోదాలో వాడుకోలేకపోయాడు. ధోబీపాట్‌కు హక్కుదారు లేడు, అందుకే అది అందరిదీ. ఇక్కడ చేతికీ, మెడకూ, ఇంటిపేరుకూ కూడా పట్టా ఉంది.

మన ఖలీని ఈ వెలుగులోనే చూడాలి. హిమాచల్ కొండల్లో పుట్టి, పంజాబ్ పోలీసులో పనిచేసిన దలీప్‌సింగ్ రాణా 2006లో ఆ గోదాలో దిగి, 2007లో బిరుదు గెలిచినప్పుడు మన పిల్లలు గర్వపడ్డారు. అతని పట్టు రెండు అరచేతుల మధ్య తలను పిండడం. అతనికి భాష రానట్టు పక్కన ఒక దుబాసీని నిలబెట్టారు. దారాసింగ్ 1968లో బొంబాయిలో లూ థెజ్‌ను ఓడించినప్పుడు మన మల్లుడు మన నేలమీద మన కథలో గెలిచాడు. ఖలీ వాళ్ళ కథలో మూగ మహాకాయుడుగా గెలిచాడు. రెండూ రాసిపెట్టిన గెలుపులే కావచ్చు, రాసినవాళ్ళు వేరు.

చివరగా మన ఇంటి సంగతి. మల్లులను విమర్శించినంత తేలిగ్గా మన సాహిత్యాన్ని వదిలిపెట్టడం న్యాయం కాదు. అభ్యుదయ కథలు ఎన్నిటిలోనో ఒక ముగింపు పట్టు ఉంది. పీడితుడు పది పేజీలు దెబ్బలు తింటాడు, పదకొండో పేజీలో పిడికిలి బిగిస్తాడు, తూర్పున ఎర్రబారుతుంది. మొదటి పేజీలోనే అది వస్తుందని మనకు తెలుసు, వచ్చినప్పుడు చప్పట్లు కొడతాం. హోగన్ లేచి నిలబడే క్షణానికీ దీనికీ శిల్పంలో తేడా లేదు. ఉద్దేశం మంచిదన్న ఒక్క కారణంచేత పట్టు మంచిది కాదు. పాఠకుడి కోపాన్ని అక్కడికక్కడే చల్లార్చి ఇంటికి పంపే ముగింపు, యజమానిని ఆస్టిన్ చేత కొట్టించే ముగింపు చేసే పనే చేస్తుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చినప్పుడు దాని ముగింపు మీద ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాం. అప్పు తీర్చమన్న తీర్పుకు తలవంచవలసి వచ్చినవాడు ఎత్తిన చెయ్యి కొడుకు మీదే పడింది. కొట్టవలసినవాడి మీద పడలేదు. చప్పట్లకు తావు లేదు. తీర్పు చెప్పిన పెద్దలు నిలబడే ఉన్నారు, పాఠకుడు కూడా నిలబడే ఉండాలి. అది సరైన ముగింపా కాదా అన్న వాదం ఇంకా తెగకపోవడమే దాని బలమని నా అభిప్రాయం. గోదాలో మూడు లెక్కపెట్టగానే దీపాలు ఆర్పేస్తారు. దీపాలు ఆర్పిన తరవాత, వర్కర్ మెడకు మంచుగడ్డ పెట్టుకుంటూ బండి ఎక్కి, రేపటి ఊరికి తన సొంత ఖర్చుతో పోతాడు. మన కథ అక్కడ మొదలు కావాలి.